మోతీ పద్నాలుగు

ఈ జ్ఞాపకంలో ఎవరూ చనిపోరు. ఆ మాట ముందే చెప్పడం మంచిది. సగం దూరం వచ్చాక మీకు ఆ అనుమానం రావచ్చు, ముఖ్యంగా నా విషయంలో. పోయినవి ఒక ప్రభుత్వ పథకం, ఒక ఉద్యోగం, ఇంట్లో నాకున్న కాస్త పరువు. ఒక పోస్టుకార్డు వాటిని వరసగా పట్టుకుపోయింది. ఆ కార్డును తయారుచేసింది నేనే.

కొన్నేళ్ళ కిందటి సంగతి. ఆసుపత్రుల్లో కంప్యూటర్ అనే మాట అప్పుడప్పుడే వినిపిస్తున్న రోజులు. నేను ఇంజనీరింగు పూర్తిచేసి ప్రభుత్వ కంప్యూటర్ కేంద్రంలో తాత్కాలిక ప్రోగ్రామర్‌గా చేరాను. తాత్కాలికం అంటే ఆరు నెలలకోసారి ఉద్యోగం కాసేపు ఆగి, వీణ్ణి ఉంచుకోవాలా వద్దా అని ఆలోచించుకుంటుంది. నన్ను పాతబస్తీలోని ఒక సర్కారీ ప్రసూతి ఆసుపత్రికి పంపారు.

పథకం చూడ్డానికి చిన్నదే. ఆసుపత్రిలో పుట్టిన ప్రతి బిడ్డ వివరాలు ఫారం మీద రాసి కేంద్రానికి పంపాలి. అక్కడ వాటిని యంత్రానికి ఎక్కిస్తారు. బిడ్డకు మూడు జబ్బులకు కలిపి వేసే ట్రిపుల్ సూది వేయించాల్సిన రోజు దగ్గరపడగానే యంత్రం ఒక పోస్టుకార్డు అచ్చువేస్తుంది, అది ఇంటికి పోతుంది. అంతవరకు ఆ సూదికి వచ్చే తల్లులు తక్కువ. కార్డు చూసి వాళ్ళు వస్తే పథకం రాష్ట్రమంతా పాకుతుంది, నా ఉద్యోగం పక్కా అవుతుంది. రాకపోతే పథకమూ నేనూ కలిసి ఇంటిదారి పడతాం.

నాకు జాబితాల జబ్బు ఉంది. ఎవరింటికైనా పెళ్ళికి పోవాలన్నా, చెప్పులు పోవడం దగ్గర్నుంచి రెండో బంతిలో కూర అయిపోవడం దాకా ఏమేం జరగొచ్చో రాసుకొని పోతాను. అలాంటివాడికి ప్రభుత్వం ఒక పథకం అప్పగిస్తే ఊరుకుంటాడా? మొదటిరోజే ముప్పుల పట్టిక తయారుచేశాను. ఎడమవైపు ముప్పు, కుడివైపు నివారణ. కరెంటు పోవడం. ఫారాలు వానకు తడవడం. సంచీ బస్సులో మరిచిపోవడం. దీనికి నివారణగా సంచీని నా మణికట్టుకు తాడుతో కట్టుకొని ప్రయాణం చేసేవాణ్ణి, కండక్టర్లు నన్ను చూసి పక్క సీటు ఖాళీ చేయించేవాళ్ళు. ఎలుకలు ఫారాలు కొరకడం. దీనికి పిల్లిని పెంచాలని రాశాను. ఆసుపత్రి సూపరింటెండెంట్ మేడం ఆ పట్టికను పూర్తిగా చదివారు. ఆమె కాకినాడ వైపు మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు.

"పిల్లికి పాలు ఏ పద్దులో రాయమంటారు విఠల్?" అని మాత్రం అడిగారు.

మొదటి విడత ఫారాలు కేంద్రానికి పోయినంత వేగంగా తిరిగి వచ్చాయి. ప్రతి ఫారంలోనూ 'బిడ్డ పేరు' అనే గడి ఖాళీ. ఖాళీ గడి కనిపిస్తే యంత్రం ఆ బిడ్డను పక్కన పడేస్తుంది. అలా పడేయమని దానికి నేర్పింది నేనే. ఫారాలు నింపే గుమాస్తా గఫూర్ భాయ్ దగ్గరికి పోయాను.

"గఫూర్ భాయ్, పేర్లేవి?"

"నిన్న పుట్టిన పోరలకు ఇయ్యాల పేరేడికెళ్ళి వస్తది భాయ్?"

"మరి ఎప్పుడొస్తది?"

"మీ ఓళ్ళకైతే ఇర్వై ఒకటో రోజు. మా ఓళ్ళకు అఖీఖా నాడు. అప్పటికి ఈడ ఎవరుంటరు? బిడ్డనెత్తుకొని ఎవరింటికి వాళ్ళు పోతరు."

మేడం దగ్గర పంచాయతీ పెట్టాను.

"తల్లి పేరు రాసి పక్కన 'బిడ్డ' అని పెడితే సరిపోదా?" అన్నారామె.

"సరిపోదు మేడం. ఈ చుట్టుపక్కల లక్ష్ములు ఎంతమంది, ఫాతిమాలు ఎంతమంది. ఒకరి కార్డు ఇంకొకరి ఇంటికి పోతుంది. అది ముప్పు."

"పోనీ, పేరు పెట్టాక వచ్చి చెప్పమందాం."

"ఎవరూ వచ్చి చెప్పరు మేడం. అది ఇంకా పెద్ద ముప్పు."

"మరేం చేద్దామంటారు?"

"తాత్కాలికంగా మనమే పేర్లు పెడదాం."

మేడం నా వైపు చాలాసేపు చూశారు. అది మెచ్చుకోలు అనుకున్నాను. కాన్పు గది బయట కాళ్ళూ చేతులూ ఆడక తిరిగే కొత్త తండ్రులను ఆమె అలాగే చూస్తారని తర్వాత తెలిసింది.

ఆ రాత్రంతా కూర్చుని పేర్లు తయారుచేశాను. హిందువులకూ ముస్లింలకూ ఇద్దరికీ నప్పాలి, ఎవరి మనసూ నొవ్వకూడదు. హీరా, మోతీ, చాంద్, తారా. ఇలా కొన్ని దొరికాయి, తర్వాత నా తెలివి ఎండిపోయింది. పిల్లలు మాత్రం పుడుతూనే ఉన్నారు. అందుకని పేరు పక్కన అంకె తగిలించాను. హీరా రెండు, హీరా మూడు. విదేశాల్లో రాజులకు ఇలాగే ఉంటాయి కదా, యాకుత్‌పురా పిల్లలకు ఉంటే ఏం తక్కువ అనుకున్నాను. ఒక పేరు రెండోసారి రాదు. నా జీవితంలో అంత అందమైన పట్టిక నేను మళ్ళీ తయారుచేయలేదు.

"మస్తుంది భాయ్," అన్నాడు గఫూర్ భాయ్. "ఇగ నాకు ఆలోచించే పని లేదు."

అక్కడితో ఆగినా బతికిపోయేవాణ్ణి. కానీ పట్టికలో ఇంకో ముప్పు మిగిలింది: అడ్రసు తప్పు కావడం. దానికి నివారణగా, సూది రోజు దాకా ఆగకుండా, బిడ్డ పుట్టిన కొద్దిరోజులకే ఒక కార్డు పంపి చూడాలని నిర్ణయించాను. కార్డు తిరిగొస్తే అడ్రసు తప్పు. తిరిగి రాకపోతే అంతా క్షేమం. ఆ కార్డుల్లో ఒక్కటీ తిరిగి రాలేదు. వాటి బదులు ఏం వచ్చిందో ఇప్పుడు చెప్తాను.

మా వదిన ఆ ఆసుపత్రిలోనే మగబిడ్డను కన్నది. మా అన్న శంకర్‌కు తొలి సంతానం. యాకుత్‌పురా స్టేషన్ వెనక మా ఇల్లు చుట్టాలతో నిండిపోయింది. అందరికంటే ముందు వచ్చింది మా అక్క బాలమణి. మా ముగ్గురిలో పెద్దది, చాంద్రాయణగుట్టలో ఇచ్చాం, బిడ్డకు ఒక్కగానొక్క మేనత్త. ఇరవై ఒకటో రోజున బిడ్డను తొట్టెలలో వేసి చెవిలో పేరు చెప్పేది ఆమె. వదిన నెల తప్పిందని తెలిసినప్పటి నుంచి ఒక పేరు మనసులో దాచుకుంది, మా బావకు కూడా చెప్పలేదు. మేనత్త నోటి నుంచి బిడ్డ చెవిలోకి పోయేదాకా ఆ పేరుకు గాలి కూడా తగలకూడదు. చెప్పినందుకు పుట్టింటివాళ్ళు చీర పెడతారు. చీర ఒక గుర్తు మాత్రమే. పెళ్ళయి వెళ్ళిపోయిన ఆడపిల్ల మాటకు పుట్టింట్లో అందరూ నోరు మూసుకొని ఎదురుచూసే క్షణం అదొక్కటే.

ఇదంతా నాకు తెలియదా? తెలుసు. ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నదే. కాకపోతే అది ఇంటి సంగతి అనుకున్నాను. ముప్పుల పట్టికలోకి ఆఫీసు సంగతులే వస్తాయనుకున్నాను.

మర్నాడు తొట్టెల అనగా పొద్దున పోస్ట్‌మన్ వచ్చాడు. మా పోస్ట్‌మన్ కార్డును చదవకుండా ఇవ్వడు. గల్లీలో చాలామందికి చదువు రాదు కాబట్టి అందరి కార్డులూ చదవడం తన బాధ్యత అనుకుంటాడు. అదీ గల్లీ మొదట్లో నిలబడి, ఆఖరి ఇంటికి వినిపించేలా.

"మోతీ పద్నాలుగు ఎవరింట్ల ఉంటడు?"

మా గల్లీలో ఒక కుక్క ఉండేది. దాని పేరు మోతీ. అది అరుగు కిందినుంచి లేచి, తోకాడిస్తూ వెళ్ళి పోస్ట్‌మన్ ముందు కూర్చుంది. హాజరు పలికింది అదొక్కటే.

అక్క పసుపు చేతులతో గడప దాటి వచ్చింది. "పద్నాలుగు మోతీలు ఏడివన్నా? గీ గల్లీల ఉన్నది ఒక్కటే కుక్క."

"సర్కారు కుక్కకు కార్డు రాస్తదా అమ్మా. తండ్రి పేరు శంకర్ అని ఉన్నది. మీ ఇల్లే. చిరంజీవి మోతీ పద్నాలుగుకు ట్రిపుల్ సూది ఇప్పియ్యాల్నట."

"మా శంకర్‌కు కొడుకు పుట్టింది నిజమే. వానికింక పేరు వెట్టలే."

"వెట్టిండ్రమ్మా. ఇగో, అచ్చుగొట్టి ఉన్నది."

లోపల తొట్టెలకు పూలు కడుతున్న చుట్టాలు ఒక్కసారిగా ఆగిపోయారు. మా అన్న మంచివాడే, కానీ ఎక్కడ నవ్వకూడదో సరిగ్గా అక్కడే నవ్వుతాడు. కార్డు తీసుకుని చదివి, "మంచిగైంది. సర్కారే పేరు వెట్టింది, ఇగ నీ చీర సర్కారునే అడుగక్కా," అన్నాడు.

అక్క కార్డు అడుగున ఉన్న ఆసుపత్రి ముద్ర చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను రొట్టె తింటున్నాను.

"ఇది నీ దవాఖానే గదరా?"

"తాత్కాలికం అక్కా."

"ఏంది తాత్కాలికం?"

"పేరు. మార్చుకోవచ్చు. దానికొక ఫారం ఉంటది."

"చెవుల వడ్డ పేరు ఫారంతోని వాపస్ వస్తదా?"

"వాడు నిద్రపోతుండె అక్కా. వాని చెవుల పడలే."

"గల్లీ నిద్రపోతుండెనా?"

మర్నాడు తొట్టెల జరగలేదు. నేను ఆసుపత్రికి పోయేసరికి గేటు దగ్గర ఆడవాళ్ళ గుంపు. చేతుల్లో బిడ్డల్లేరు. ఒక్కరికి కూడా జ్వరమో దగ్గో ఉన్నట్టు లేదు. అందరి ముఖాల్లోనూ ఒకే కళ, మా అక్క ముఖంలో రాత్రంతా చూసిన కళ.

"ఎవరు గఫూర్ భాయ్ వీళ్ళు?"

"మేనత్తలు భాయ్," అన్నాడు గఫూర్ భాయ్, కిటికీ రెక్క మూస్తూ. "నన్నడిగిండ్రు, నువ్వే అని చెప్పిన. ఫికర్ చెయ్యకు, మంచిగనే చెప్పిన నీ గురించి."

ముందు నిలబడ్డది మా అక్క. ఆమె పక్కన కిషన్‌బాగ్ నుంచి వచ్చిన ఒక పెద్దామె, నల్ల బురఖా, చేతిలో నా కార్డు. అందరూ ఆమెను బిల్కిస్ ఫుప్పూ అంటున్నారు. ఫుప్పూ అంటే మేనత్తే. వాళ్ళింట్లో కూడా పేరు నోటితో పలికే హక్కు ఆమెదే.

"తారా తొమ్మిది అంట మా భాయ్ బిడ్డ," అన్నది ఆమె. "ఏంది బేటా ఇది, బస్సు నంబరా? మా భాయ్ ఏమంటున్నడు ఎరుకేనా? ఇగ ఆడబిడ్డకిచ్చే నేగ్ లేదు, బట్టలు లేవు, గవర్నమెంటును అడుగు అంటున్నడు."

గుంపులో నుంచి "మా తమ్ముడు గూడ గదే అన్నడు" అని ఒకామె, "మా అన్న నవ్విండు" అని ఇంకొకామె. హైదరాబాదులోని అన్నదమ్ములందరూ ఒకే పొద్దున ఒకే హాస్యం ఆడారని అప్పుడు అర్థమైంది.

నేను ధైర్యం కూడగట్టుకొని మార్పు ఫారం బయటికి తీశాను. ఎవరు పడితే వాళ్ళు వివరాలు మార్చకూడదని దాన్ని చాలా కట్టుదిట్టంగా రాశాను. తండ్రి సంతకం, సాక్షులు, ఆపైన పాత పేరు గల బిడ్డ ఈ బిడ్డేనని రుజువు.

"రుజువంటే ఏంది బేటా?"

"ఈ పాపే తారా తొమ్మిది అని ఎవరన్న రాసియ్యాలె ఫుప్పూ."

"గా పేరు గల పాప మా ఇంట్ల లేదని చెప్పనీకి వస్తే, ఉన్నదని రాసియ్యాల్నా?"

"ముందు ఉన్నదని రాస్తే, తర్వాత లేదని రాసుకోవచ్చు."

బిల్కిస్ ఫుప్పూ మా అక్క వైపు తిరిగింది. "గీయన ఎవరమ్మా, నీకెరుకేనా?"

"తెల్వదు," అన్నది మా అక్క.

అక్కడికక్కడ తీర్మానం అయిపోయింది. పేర్లు వాపసు తీసుకునేదాకా ఒక్క బిడ్డను కూడా సూదికి పంపరు. ఏ తల్లి అయినా ఎత్తుకొస్తే ఆ ఇంట్లో మేనత్త అడుగు పెట్టదు. పాతబస్తీలో ఆ బెదిరింపుకు ఎదురు నిలిచే కోడలు లేదు.

మేడం గదిలోకి పోయి నిలబడ్డాను.

"పట్టికలో లేని ముప్పు వచ్చింది మేడం."

"ఏమిటది?"

"మేనత్తలు."

"నివారణ?"

"తెలియదు మేడం."

ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మా నాన్నగారు జడ్జి విఠల్. కోర్టులో ఎవరికీ జంకేవారు కాదు. మా మేనత్త రిక్షా దిగుతోందంటే మాత్రం పెరటి తలుపు తీసుకుని వెళ్ళిపోయేవారు."

తర్వాత ఆమే బయటికి వచ్చి, వరండాలో బెంచీలు వేయించి, అందరికీ చాయ్ తెప్పించి మాట్లాడారు. బేరం చాలాసేపు నడిచింది. చివరికి బిల్కిస్ ఫుప్పూ దారి చూపింది. ఎవడు ఆ పేరు పెట్టాడో వాడే బిడ్డ చెవిలో దాన్ని వాపసు తీసుకోవాలి. అందరి ముందు. ఆ తర్వాత మేనత్త అదే చెవిలో అసలు పేరు చెప్తుంది. మేడం వెంటనే ఒప్పుకున్నారు. సూది రోజున సూది గదిలోనే ఆ పని జరగాలని ఒక్క షరతు పెట్టారు. నన్ను ఎవరూ అడగలేదు.

ఆ రోజు రానే వచ్చింది. ముందు నేను, నా పక్కన మేనత్త, ఆమె పక్కన సూది పట్టుకున్న నర్సు. బిడ్డ ఈ వరసలో ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారాలి. మొదటి బిడ్డ కేక వినగానే మిగతా బిడ్డలకు విషయం తెలిసిపోయింది. ఆ తర్వాత నా ముఖం దగ్గరికి వస్తుంటేనే ఏడుపు. సూదిని చూసి ఏడ్చినవాళ్ళు తక్కువ.

"నువ్వు హీరా ఆరు కావు," అని గొణిగాను.

"గట్టిగ చెప్పు బేటా, వినవడలే," అన్నది బిల్కిస్ ఫుప్పూ. ఆ బిడ్డ ఆమెది కాదు. అయినా అక్కడ స్టూలు వేసుకొని కూర్చుంది.

"బిడ్డకు వినపడితే సాలదా ఫుప్పూ?"

"గల్లంత వినవడ్డది గదా పెట్టేటప్పుడు. తీసేటప్పుడు సిగ్గెందుకు?"

గట్టిగా చెప్పాను. నువ్వు చాంద్ మూడు కావు. నువ్వు తారా తొమ్మిది కావు. మధ్యాహ్నానికి గొంతు పోయింది, చొక్కా తడిసింది. దేనితో తడిసిందో పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఐదేళ్ళు లెక్కలు, విద్యుత్తు, యంత్రాలు చదివినవాణ్ణి, వంగి వంగి పసిపిల్లలకు వాళ్ళు ఎవరు కారో చెప్తున్నాను.

మా అక్క చివరికి వచ్చింది. నా అన్న కొడుకు నా కళ్ళజోడు పట్టుకున్నాడు.

"నువ్వు మోతీ పద్నాలుగు కావు."

"తప్పైందని చెప్పు," అన్నది అక్క.

"తప్పైంది బిడ్డా."

అక్క వాణ్ణి తీసుకొని, నాకు వీపు తిప్పి, వాడి చెవి దగ్గర నోరు పెట్టింది. గదిలో ఇంతసేపూ లొల్లి చేసిన ఆడవాళ్ళు ఒక్కరూ మాట్లాడలేదు. నర్సు కూడా సూది దించి నిలబడింది. ఒక క్షణం అంతే. ఇటు తిరిగినప్పుడు అక్క కళ్ళు తడిగా ఉన్నాయి. నేను అప్పుడు కూడా, "ఏం పేరు అక్కా, రాసుకోవాలె," అన్నాను.

"నర్సమ్మకు చెప్త. నీకు చెప్ప," అన్నది.

ఆ రోజు పిలిచిన బిడ్డలందరూ వచ్చారు. మేనత్త ఎత్తుకొని వస్తే రాకుండా ఎవరుంటారు? సూది మందు అయిపోతే పక్క ఆసుపత్రి నుంచి తెప్పించాల్సి వచ్చింది. ఇలాంటి రోజు ఈ ఆసుపత్రి ఎన్నడూ చూడలేదని మేడం స్వహస్తాలతో పైవాళ్ళకు ఉత్తరం రాశారు. నా ఉద్యోగం పక్కా అయినట్టే. ఇంటికి జిలేబీ పట్టుకుపోయాను. అక్క తినలేదు గానీ, విసిరేయనూ లేదు.

ఇక్కడ ఆపేస్తే బాగుండును. నేనూ చాలా రోజులు ఆ మాటే అనుకున్నాను.

నర్సు తన పుస్తకంలో మేనత్తలు చెప్పిన కొత్త పేర్లే రాసింది; నా మార్పు ఫారం ఎవరూ నింపలేదు. ఆ పుస్తకం కేంద్రానికి పోయింది. యంత్రం దానికోసం ఎదురుచూస్తూ ఉంది; దాని దగ్గర హీరాలు, మోతీలు, చాందులు, తారలు వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒక్కరూ రాలేదు. వాళ్ళకు బదులు ఈ ఆసుపత్రిలో ఎన్నడూ పుట్టని పిల్లలెవరో గుంపుగా వచ్చి సూదులు వేయించుకొని పోయారు. పరాయి బిడ్డలను యంత్రం పక్కన పడేసింది. పిలిచినవాళ్ళలో వచ్చినవాళ్ళు సున్నా అని అచ్చువేసింది. అంతటితో ఊరుకోలేదు. సూది సంగతి తల్లి మరిచిపోవచ్చు, ఆమెకు గుర్తుచేయడం గుమాస్తా మరిచిపోవచ్చు, నేను మరిచిపోవచ్చు. మరపు చాలా పెద్ద ముప్పు. అందుకని రెండో కార్డు ఎవరి ప్రమేయం లేకుండా దానంతట అదే పోయేలా నేను ఏర్పాటు చేశాను. ఆపే వీలు ఎవరి చేతికీ ఇవ్వలేదు, నా చేతికి కూడా.

అక్క ఇంకా మా ఇంట్లోనే ఉంది. అన్న తెచ్చిన రెండు చీరలు నచ్చలేదని తిప్పి పంపింది, మూడోది రావాల్సి ఉంది. పొద్దున గల్లీ మొదట్లో పోస్ట్‌మన్ గొంతు.

"మోతీ పద్నాలుగు సూదికి రాలేదట. సర్కారు మళ్ళ రాసింది."

ఈసారి కుక్క కూడా లేవలేదు. అక్క వెళ్ళి కార్డు తీసుకొని, వచ్చి నా ఎదురుగా కూర్చుంది. కోపం లేదు. అది ఉంటే నాకు బాగుండేది.

"తమ్మీ, ఇంక ఎన్ని కార్డులొస్తయి?"

"వాడు సూదికి వచ్చేదాక వస్తయక్కా."

"వాడంటే ఎవడు?"

"మోతీ పద్నాలుగు."

"వాడెప్పుడొస్తడు?"

"వాడు లేడక్కా."

ఆమె లేచి, కార్డును పొయ్యిలో పెట్టి, బురఖా లేకపోయినా కొంగు అంత కిందికి లాక్కుని కిషన్‌బాగ్ బస్సెక్కింది. బిల్కిస్ ఫుప్పూ ఇంటికే అని వేరే చెప్పనక్కర్లేదు.

నేను ఆసుపత్రికి ఇంకో దారిలో పోయాను. గోడ దూకి. మేడం చేతిరాత ఉత్తరమూ, యంత్రం అచ్చువేసిన కాగితమూ పైవాళ్ళ బల్ల మీద పక్కపక్కన ఉన్నాయట. వాళ్ళు రెండూ చూసి అచ్చుదాన్ని నమ్మారు. పిలిస్తే ఒక్క బిడ్డ కూడా రాని పథకానికి డబ్బు దండగ అని మూసేశారు. తాత్కాలిక ఉద్యోగం, పేరుకు తగ్గట్టు, ముగిసింది. అయితే యంత్రాన్ని ఆపమని ఉత్తర్వు కేంద్రానికి చేరడానికి ఇంకో నెల పట్టింది. ఆ నెలంతా కార్డులు పోతూనే ఉన్నాయి. నేను వరంగల్‌లో మా చిన్నాయన ఇంట్లో ఉన్నాను.

కాబట్టి, ముప్పుల పట్టికల మీద చేయి వేసి, ఈ కాగితం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకముందు ఏ ఫారంలోనైనా బిడ్డ పేరు గడి ఖాళీగా కనిపిస్తే దాని ముందు చేతులు కట్టుకొని నిలబడతాను. యంత్రం ఆగిపోతే ఆగిపోనీ. పైనుంచి ఫోన్లు వస్తే రానీ. మేనత్త స్నానం చేసి, నచ్చిన చీర వచ్చేదాకా చూసి, కట్టుకొని, తనకు తోచినప్పుడు వచ్చి నోరు తెరిచేదాకా నా కలం మూత తీయను. ఆమె రాకపోతే ఆ బిడ్డ పేరు లేకుండానే పెరిగి పెద్దవాడై, పెళ్ళి చేసుకోనీ. నేను పెట్టను.